ఏడాది మిగుల్చుకున్నవాడు

మా ఇంట్లో తొందరపడినవాడు విన్సెంట్ ఒక్కడే. వాడి నాన్న బర్నబా మహా నిదానం. ఇక్కడ బర్మాలో, ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో బోగీల కింద పడుకుని నట్లు బిగిస్తూ జీవితమంతా గడిపేశాడు, ఒక్కనాడూ పై పోస్టు అడగలేదు. బర్నబా నా తమ్ముడు. నేను పెళ్ళి చేసుకోకుండా వాడి ఇంటి పక్క వాటాలోనే ఉండిపోయి, వీధి పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెబుతున్నాను. అందుకని తెలుగువాళ్ళూ బర్మావాళ్ళూ అందరూ నన్ను 'సయామా' అంటారు, పంతులమ్మా అన్నట్టు. నా నోటికి వీధంతా జడుస్తుంది. విన్సెంట్ విషయంలో ఆ నోరు ఎందుకూ కొరగాలేదు.

వాడికి చిన్నప్పటినుంచీ పురుగూ పుట్రా అంటే పిచ్చి. ఒక వానాకాలం వర్క్‌షాపు వెనక కాలువలో చేపలు వెల్లకిలా తేలాయి. పైన ఏదో రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు వదిలిందని అందరికీ తెలుసు. అందరూ ముక్కు మూసుకుని, నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయారు. వీడు మాత్రం ఒక చేపని ఇంటికి తెచ్చి, వాళ్ళమ్మ నవోమి కూరలు తరిగే కత్తితో మొప్పలు కోసి చూశాడు. నవోమి ఆ కత్తి పారేసి వాడి వీపు విమానం మోత మోగించింది. మర్నాడు నా దగ్గరకొచ్చి కూచున్నాడు.

"అత్తా, చేప ఎందుకు సచ్చిపోనాదో సెప్పడానికి బయాలజీ కావాల. సంపినోడి సేత ఒప్పించడానికి లా కావాల. రెండూ సదివినోడు మనోళ్ళలో ఒక్కడైనా ఉన్నాడా?"

"ఒక్కడూ నేడు. ఇన్సేన్ జైలు గోడ పక్కన పుట్టి లా సదూతానంటున్నావు, నీకేటి మతి పోనాదేట్రా?" అన్నాను. అన్నానే గానీ, ఆ రోజునుంచి వాడికి ఇంగ్లీషు గట్టిగా నేర్పాను.

వాడి అదృష్టమో మా ఖర్మో, వాడు స్కూలు దాటేసరికి ఊళ్ళో ఒక ప్రైవేటు కాలేజీ కొత్త దారి తెరిచింది. మామూలుగా అయితే అక్కడ బయాలజీ డిగ్రీకి నాలుగేళ్ళు, ఆ తరవాత లాకి మూడేళ్ళు. ఈ దారిలో మూడేళ్ళు బయాలజీ ఇక్కడ చదివి, నాలుగో ఏడు తిన్నగా మలేషియాలో ఒక లా కాలేజీలో చేరిపోవచ్చు. అక్కడి లా మొదటి ఏడాదే ఇక్కడి బయాలజీ చివరి ఏడాది కింద జమ. అది పాసైతే బయాలజీ పట్టా ఇస్తారు. ఇంకో రెండేళ్ళు చదివితే లా పట్టా.

"సెవెన్ ఇయర్స్ సదువు సిక్స్‌లో అయిపోద్దత్తా. ఒక ఇయర్ మిగిలిపోద్ది," అని గంతులేశాడు. వాళ్ళ నాన్నకి మాత్రం కూచోబెట్టి చెప్పాడు, లా మొదటి ఏడాది గట్టెక్కేదాకా బయాలజీ డిగ్రీ కూడా రాదని, మధ్యలో ఆగితే రెండూ ఉండవని. బర్నబా తల ఊపాడు. మా తమ్ముడు తల ఊపాడంటే విన్నాడని అర్థం, బుర్రకెక్కిందని కాదు.

మూడేళ్ళూ వాడే ఫస్టు. ఈలోగా దేశంలో సైన్యంలో చేరాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. వార్డు చీటీల్లో ఇన్ని పేర్లుండాలి, వాటిలోంచి ఇంతమందిని పంపాలి అని పైనుంచి చెబుతారు, వయసులో ఉన్న మగపిల్లల పేర్లు చీటీల మీద రాసి తీస్తారు. చదువుకుంటున్నవాళ్ళకి చదువు అయ్యేదాకా వాయిదా ఉంది. ఏటా కాలేజీ నుంచి ఒక ఉత్తరం తెచ్చి వార్డు ఆఫీసులో ఇచ్చేవాడు విన్సెంట్. మా పక్కింటి పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతున్నా, మావాడికేం, చదువుకుంటున్నాడు కదా అని మేం గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయాం.

మా తెలుగు బాప్టిస్టుల్లో ఒక ఆచారం ఉంది. పిల్లల చదువు పూర్తయితే గౌను వేసి ఫోటో తీయించి, ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టి, వీధికంతా భోజనం పెడతారు. అది పట్టా చేతికొచ్చాక చేసే పని. కానీ పట్టా వచ్చేనాటికి కొడుకు మలేషియాలో ఉంటాడు, ఇక గౌను ఎవరికి, విందు ఎవరికి అని బర్నబాకి దిగులు పట్టుకుంది. మూడో ఏడు పరీక్షలు అవగానే కూడిక పెట్టేద్దామన్నాడు.

"నాన్నా, నాకింకా డిగ్రీ రానేదు," అన్నాడు విన్సెంట్.

"మూడేళ్ళూ సదివినావు. మా కాలంలో దాన్నే డిగ్రీ అనీవోరు. దేవుడికి థాంక్స్ సెప్పుకోడానికి నీ పర్మిషన్ కావాలేట్రా?"

సందులో టెంటు వేశారు. కోడి పలావు వండించారు. పాస్టరుగారు తెలుగులో ప్రార్థన చేశాక, నలుగురిలో నోరు విప్పి ఎరగని మా తమ్ముడు లేచి నిలబడి, వచ్చినవాళ్ళందరికీ అర్థం కావాలని బర్మీస్‌లో మాట్లాడాడు. "మా అబ్బాయి చదువు పూర్తయింది. డిగ్రీ అయిపోయింది. మీరంతా దీవించాలి." అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూచున్న వార్డు అధికారి ఊ ఠున్ మ్యా కూడా కొట్టాడు. పెద్దమనిషని మొదటి పళ్ళెం ఆయనకే పెట్టాం.

తరవాతి వారం ఆయనే వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికొచ్చి బల్ల మీద కూచున్నాడు. నవోమి ఇచ్చిన టీ ముట్టుకోలేదు.

"సయామా, విన్సెంట్ చదువు అయిపోయింది కదా. ఇంక వాయిదా కుదరదు. చీటీల్లో పేరు రాయాలి."

"అయిపోయిందని ఎవరన్నారు?"

"మీ బర్నబాయే అన్నాడు. వీధంతా విన్నది. నేను వినలేదని ఎలా చెప్పను?"

అప్పుడు లేచింది నా నోరు. మా ఇంట్లో తిన్న చెయ్యి తడి ఆరకముందే మా ఇంటికే ఎసరు పెడతావా అని దులిపేశాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు.

"తిన్నాను సయామా, కాదనను. మీవాడి పేరు తీసేస్తాను. ఆ ఖాళీలో ఎవరి పేరు రాయమంటారో మీరే చెప్పండి, అదే రాస్తాను."

ఆ వీధిలో మగపిల్లలందరికీ అక్షరాలు దిద్దించినదాన్ని నేను. ఎవరి పేరు చెప్పను? ఆయన లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కాలేజీకి పరిగెత్తాం. ఇక్కడి మూడేళ్ళూ పూర్తయ్యాయి, ఇప్పుడతను మా విద్యార్థి కాడు అన్నారు. మలేషియా వాళ్ళకి రాస్తే, సెప్టెంబరులో వచ్చి చేరిన రోజునుంచే మా విద్యార్థి అన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మధ్యలో ఆ నాలుగు నెలలూ మావాడు ఎవరి విద్యార్థీ కాదు. ముందే వెళ్ళిపోదామంటే, చీటీల్లో పేరున్నవాణ్ణి విమానం ఎక్కనివ్వరు. నిదానంగా నాలుగేళ్ళ చదువులో చేరిన వాడి తోటివాళ్ళు మాత్రం హాయిగా ఇంకా స్టూడెంట్లే.

"లా వొద్దులే అత్తా. నాలుగో ఏడు ఇక్కడే సదివీస్తాను," అన్నాడు విన్సెంట్. ఆ మాట వాడి నోట వినడం నాకు చెంపదెబ్బలా తగిలింది. అదీ అడిగాం. చేర్చుకుంటాం గానీ క్లాసులు మొదలయ్యేది జూలైలో, అప్పటిదాకా ఉత్తరం ఇవ్వలేమన్నారు. చీటీలు తీసేది మే నెలలో.

ఆఖరికి ఎప్పుడూ మాట్లాడని నవోమి ఒక మాట అంది.

"పరీక్షల రిజల్టు ఇంకా రానేదు కదా వదినా. ఒక్క సబ్జెక్టు పోతే మూడో ఏడు మల్లీ సదవాల కదా. అప్పుడు స్టూడెంటే కదా?"

మర్నాడే బర్నబా, నేను పళ్ళ బుట్ట పట్టుకుని బయాలజీ చెప్పే డో ఖిన్ సాన్ ఇంటికి వెళ్ళాం. కొడుకు పాసైనట్టేనని వీధికి విందు పెట్టిన మనిషి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మా వాణ్ణి ఫెయిల్ చెయ్యండి."

ఆమెకి సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "నిన్ననే సంతకం పెట్టి మలేషియా పంపేశామండీ. ఈసారీ అతనే ఫస్టు. వారం ముందు వచ్చి ఉంటే చేసేదాన్ని," అంది. ఆ పళ్ళు కూడా తీసుకోలేదు.

తిరిగి రైల్లో వస్తుంటే బర్నబా కిటికీ పక్కన కూచున్నాడు. ఇన్సేన్ వచ్చినా లేవలేదు. ముప్పై ఏళ్ళు దిగిన స్టేషను వాడికి తెలియలేదు. చెయ్యి పట్టుకుని నేనే దింపాను.

చీటీల్లో విన్సెంట్ పేరు వచ్చింది.

నవోమి సంచి సర్దింది. సరిహద్దు దాటించే మనుషులు ఉన్నారని చర్చిలో ఎవరో చెప్పారు. వాడు ఆ సంచి ముట్టుకోలేదు.

"నేనెల్లిపోతే, చీటీల్లో నా తరవాత వొచ్చిన పేరు ఎవరిదో తెలుసా అమ్మా? మన అమ్ములు పిన్ని కొడుకు బాబుది. ఆ తరవాత నాన్నని పోలీస్ స్టేషన్‌కి లాక్కుపోతారు."

అమ్ములు మా చర్చిలోనే ఉంటుంది, మిషను కుట్టి ఒక్క కొడుకుని సాకుతోంది. మేం ముగ్గురం పెద్దవాళ్ళం, ఒక్కరం కూడా 'పోనీలేరా, నువ్వెళ్ళు' అనలేకపోయాం. వాడు వెళ్ళాడు, సైన్యంలోకి.

అప్పటినుంచి నేను బర్నబాతో మాట్లాడలేదు. వాణ్ణి తిట్టాల్సిన తిట్లన్నీ మనసులో వరసగా పేర్చుకున్నాను. కొడుకు శిక్షణ అయ్యేదాకా ఆగి, అప్పుడు కడిగేద్దామనుకున్నాను.

శిక్షణ అయ్యాక ఒక పూట చూడనిచ్చారు. గుండు, నల్లబడ్డ మొహం, వదులు యూనిఫారం. నవోమి వాడి చేతులు తడుముతూనే ఉంది.

"మెడికల్‌లో వేసినారత్తా. యుద్ధం దగ్గరికి ఎల్లే జట్టుతో నేనూ ఎల్లాల. కట్లు కట్టడం, సూదులెయ్యడం," అన్నాడు.

"నీకేటి తెలుసని?"

"వార్డు నుంచి వొచ్చిన కాయితంలో బయాలజీ గ్రాడ్యుయేట్ అని ఉన్నాది. కాదని సెప్పినాను. నవ్వినారు."

కాలేజీ ఒప్పుకోలేదు, మలేషియా ఒప్పుకోలేదు. మావాడికి డిగ్రీ ఉందని నమ్మినవాళ్ళు ఈ లోకంలో ఈ సైన్యం వాళ్ళొక్కరే. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడే బర్నబా నా వైపు తిరిగాడు. వాడి మొహం వెలుగుతోంది.

"విన్నావా అప్పా? గ్రాడ్యుయేట్ అని రాసినారు. అందుకే తుపాకీ ఇవ్వనేదు, మందుల సంచి ఇచ్చినారు. ఆ రోజు నేను అందరి ముందు సెప్పబట్టే కదా? నేను మంచి పనే సేసినాను కదా?"

దాచుకున్న తిట్లన్నీ గొంతులోకి వచ్చాయి. తండ్రి భుజం వెనకనుంచి విన్సెంట్ నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"అవున్రా తమ్ముడా. మంచి పనే సేసినావు," అన్నాను.

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే ఆగినట్టు, బర్నబా కొడుకు భుజం మీద తల పెట్టి పిల్లాడిలా ఏడ్చాడు. తన మాట వల్లే కొడుకు ఇక్కడికొచ్చాడని మా తమ్ముడికి మొదటినుంచీ తెలుసని నాకప్పుడు అర్థమైంది.