ఘాట్ రోడ్డు మీద కొబ్బరికాయ ప్రయోగం

ఇరవై రెండేళ్ళ వయసులో నాకు తెలియని సంగతంటూ ఈ భూమ్మీద లేదు. ఆ రోజుల్లో ఎవరు ఏమన్నా "రుజువేది?" అని అడిగేవాణ్ణి. ఈరోజు పులుసు బాగా కుదిరిందని మా అమ్మ అన్నా అడిగేవాణ్ణి. మా హేతువాద చర్చా బృందంలో (మొత్తం ఏడుగురం, అందులో ఇద్దరు టీ కోసం వచ్చేవారు) నా నోటికి ఎదురుండేది కాదు. ఇప్పటికీ నేను హేతువాదినే. అప్పుడన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ వేసవి వచ్చి గాలి వేడెక్కేసరికి, ఆ నోటి దురుసు కుర్రాణ్ణి పక్కకి జరిపి, వాడి చోట్లో నేను కూర్చుని, చిన్న మావ లారీలో ఇంకొక్కసారి ఘాట్ ఎక్కాలనిపిస్తుంది.

చిన్న మావ అంటే మా అమ్మ తమ్ముడు. సాలూరులో లారీ డ్రైవరు. ఒడిశా వైపు సరుకు తీసుకెళ్ళేటప్పుడు సెలవుల్లో నన్ను క్యాబిన్లో ఎక్కించుకునేవాడు. ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర కొండ మీంచి సన్నటి గెడ్డ (మా వైపు వాగుని అలాగే అంటారు) దిగుతుంది. దాని ఒడ్డున పసుపు పూసిన రాయి ఒకటి ఉండేది. మావ అక్కడ బండి ఆపి, చక్రం కింద బండరాయి పెట్టి, అమ్మోరికి కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇసుక మీద పోసేవాడు. రోడ్డు మీద తారు మెత్తబడే ఆ ఎండలో, ఎక్కడినుంచి వచ్చేవో, సీతాకోకచిలుకలు దిగేవి. పసుపువి, తెల్లవి, నల్ల రెక్కల మీద నీలిపట్టీ ఉన్నవి. తడి ఇసుక మీద రెక్కలు ముడుచుకుని, రాయి ముందు కదలకుండా నిలబడేవి.

"సూడరా అల్లుడూ, ఎలా దండవెడతన్నాయో!"

"దండమూ లేదు, ఏటీ లేదు మావా. తడి మట్టిలో ఉప్పుంటాది. దానికోసం వస్తన్నాయి."

"ఉప్పుకైతే మీ అమ్మ వంటింట్లోకి రావేటి? ముందు అడ్డు లెగు. అమ్మోరికి నాను కనబడాల."

అలా మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. అమ్మోరు లేని చోట కూడా అవి గుంపుగా వాలితే మావ కొబ్బరికాయ కొట్టడం మానెయ్యాలి. వాలకపోతే నా చేత్తో నేను కాయ కొట్టాలి. బృందం వేసవి సభలో అద్భుతాల మీద ప్రసంగం నాదే. అందుకని స్నేహితుడి స్టూడియో నుంచి ముప్పై ఆరు బొమ్మల రీలు వేసిన కెమెరా తెచ్చాను. అరకిలో కళ్ళుప్పు కూడా తెచ్చాను. రాయికి దూరంగా, గెడ్డ దిగువన ఉప్పునీళ్ళు చల్లి, మోకాళ్ళ మీద కూర్చున్నాను. గంట గడిచింది. ఒక్కటీ రాలేదు. అన్నీ అమ్మోరి ముందే. మావ లారీ నీడలో తువ్వాలు పరుచుకుని పడుకుని, మధ్యమధ్యలో ఒక కన్ను తెరిచి "ఒరే, ఉప్పు సాల్లేదేమో. కూసింత సింతపండు కూడా ఎయ్యి" అనేవాడు.

ఎండకి రెండు సీసాల నీళ్ళు తాగాను. తాగిన నీళ్ళు ఊరుకోవు కదా. లేచాను.

"అమ్మోరికి దూరంగా పోరా!" అని మావ అరిచాడు.

ఇంకా దిగువకి, రాళ్ళ వెనక్కి పోయి వచ్చాను. అరగంట తరవాత ఎందుకో అటు చూశాను. (ఇక్కడ నా పాఠకులు నన్ను క్షమించాలి. సత్యం ఎప్పుడూ మర్యాదైన చోటే దొరకదు.) రాళ్ళ వెనక ఆ తడి చోట పసుపూ తెలుపూ నీలమూ కలిసి, రాయి ముందున్న వాటికి రెట్టింపు వాలి ఉన్నాయి. రీలంతా అయిపోయేదాకా ఫోటోలు తీశాను. సభలో ఆ బొమ్మలు చూసి ఒకాయన, "ఈ లవణాలు ఆ ఇసుకలోకి ఎలా వచ్చాయి?" అని అడిగితే, "సహజంగా" అన్నాను. అబద్ధం కాదు.

మావ మాత్రం ఆ రోజు రాళ్ళ వెనకకి వచ్చి, చాలాసేపు చూశాడు. నవ్వుతాడేమోనని ఎదురుచూశాను.

"ఇక్కడ అమ్మోరు ఉండదు కదరా" అన్నాడు మెల్లగా. "మరేటి, నువ్వే గెలిసేవు."

మాటంటే మాటే మనిషి. తరవాతి ప్రయాణంలో ఆ మలుపు దగ్గర బండి ఆపలేదు. నేను విజయగర్వంతో పక్కకి తిరిగి చూశాను. స్టీరింగు పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. ఘాట్ పొడుగునా కూనిరాగం తీసే మనిషి, ప్రతి మలుపుకీ ముందే బ్రేకు తొక్కుతున్నాడు. అవతల లోయ. వెనక పది టన్నుల సరుకు. ఈ మనిషి ఇన్నేళ్ళూ ఏ ధైర్యంతో ఈ మలుపులు తిరిగాడో అప్పుడు తెలిసింది. నా దగ్గర ముప్పై ఆరు రుజువులున్నాయి, ఆ చేతుల్లో పెట్టడానికి ఒక్కటీ పనికిరాదు.

తిరుగు ప్రయాణంలో గెడ్డ కనబడగానే "మావా, ఆపు" అన్నాను. దారిలో టీ కొట్టు దగ్గర కొని సంచిలో దాచిన కొబ్బరికాయ తీశాను.

"ఇదేట్రా?"

"కొబ్బరి నీళ్ళలోనూ లవణాలుంటాయి మావా. ఎన్ని వాల్తాయో సూడాల. ఇది పూజ కాదు, ప్రయోగం."

మావ నన్నూ, కాయనీ మార్చి మార్చి చూశాడు. పెదవి చివర కదిలింది.

"అలాగేరా అల్లుడూ. నువ్వు ప్రయోగం సెయ్యి, నాను దండవెడతాను. అడ్డు లెగు."

పందెం ఎవరూ తప్పలేదు. మావ మళ్ళీ కాయ కొట్టనేలేదు. ఆయన స్టీరింగు వదిలేదాకా ప్రతి వేసవీ నేనే కొట్టాను. (మా బృందానికి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది.)

మావ పోయి ఇది నాలుగో వేసవి. మొన్న ఆ దారిన వెళ్తూ సాలూరులో కాయ కొన్నాను. కొట్లో ఆమె "గుడికేటి బాబూ?" అంది. "కాదమ్మా, ప్రయోగానికి" అన్నాను. వింతగా చూసింది. మలుపు వెడల్పు చేశారు. రాయి చుట్టూ సిమెంటు అరుగు కట్టారు. గెడ్డ మాత్రం ఉంది. కాయ కొట్టి నీళ్ళు ఇసుక మీద పోశాను. ముందు ఒక తెల్లది, తరవాత మూడు పసుపువి, చివరికి నీలిపట్టీవి కూడా వచ్చాయి. ఇప్పుడు ఫోనులో ఎన్ని బొమ్మలైనా పడతాయి. రెండు తీసి ఫోను జేబులో పెట్టేశాను.

చేతులు జోడించలేదు. అది నా వంతు కాదు. రాయికి అడ్డంగా నిలబడ్డానని గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకుని, ఒక అడుగు పక్కకి జరిగాను.