చేరినట్టు ఫోను వచ్చేదాకా

మదనపల్లె దాటగానే ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అక్కడి విదేశీ అమ్మాయిల హాస్టల్లో మునీశ్వరి ఆయా. పేరుకే ఆయా, కొత్తగా దిగిన పిల్లలకు అన్నీ ఆమే. గీజరు వేయడం, దోమతెర కట్టడం, సంతలో టమోటాలు బేరమాడటం చెయ్యి పట్టుకుని నేర్పుతుంది. ఇంగ్లీషు రాదు. "కమ్, సూడు, అంతే!" అన్న మూడు ముక్కలతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

భర్త పోయాక రామకుప్పం నుంచి వచ్చేసింది. పిల్లలు లేరు. మెట్ల కింది గదిలో ఒక్కతే ఉంటుంది.

టాంజానియా పిల్ల జవాడి వచ్చిన కొత్తలో మెస్సు అన్నం ముట్టక ఒకటే ఏడుపు. మునీశ్వరి తన గదిలో రాగి సంగటి కెలికి ముద్ద చేసి పెట్టింది. జవాడి కొంచెం తుంచి నోట్లో పెట్టుకుని "ఉగాలి!" అని నవ్వేసింది. వాళ్ళ దేశంలోనూ ఇలాంటి ముద్దే తింటారట. ఇక చదువు అయ్యేదాకా ప్రతి ఆదివారం మెట్ల కింద రెండు కంచాలు. మునీశ్వరికి ఒంటరితనం గుర్తు రానిది ఆ రోజుల్లోనే.

చదువు ముగిసి జవాడి బయల్దేరింది. "ఇంటికి చేరగానే ఫోన్ చేస్తా ఆంటీ" అని వాటేసుకుని మరీ చెప్పింది.

మనిషి ఊరికి పోతే, పొలిమేర దాటేదాకా ఇల్లు ఊడ్వరు. ఊడిస్తే పోయినవాళ్ళకు మంచిది కాదు. విమానానికి పొలిమేర ఎక్కడో మునీశ్వరికి తెలీదు. అందుకని, చేరినట్టు ఫోను వచ్చేదాకా జవాడి ఖాళీ చేసిన గదిలో చీపురు పెట్టకూడదని తనే నిర్ణయించుకుంది.

ఫోను రాలేదు. స్నానానికి పోయినా ఫోను బకెట్టు పక్కనే. అన్నం సయించలేదు. విమానానికి ఏమైందో, పిల్లకేమైందో అని బోయకొండ గంగమ్మకు కోడిని మొక్కుకుంది. ఎవరినైనా అడగాలంటే భయం, చెడ్డమాట వినాల్సొస్తుందేమోనని.

ఇంతలో ఇథియోపియా నుంచి హిరుత్ అనే కొత్త పిల్ల దిగింది. ఆమెకిచ్చిన ఆ గది తెరిస్తే దుమ్ము. పాపం, వరండాలో పెట్టె మీదే కూర్చుంది. వార్డెన్ రేవతి మేడమ్‌కు ఒళ్ళు మండింది.

"యాల మునీశ్వరీ, గది ఇంకా అట్లే ఉండాది?"

"జవాడి పాప సేరినట్టు ఫోను రాలేదు మేడమ్. ఎట్ల ఊడ్సేది?"

"జవాడీనా? ఎప్పుడో సేరింది! గ్రూపులో ఫోటోలు పెట్టింది గదా, అందరం సూసినాం."

ఆ గ్రూపులో మునీశ్వరి లేదు. ఆయాలను ఎవరు చేర్చుకుంటారు? మేడమ్ ఫోను చూపించింది. అమ్మ పక్కన, చెల్లెళ్ళ మధ్య జవాడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"బాగుండాది. అంతే సాలు మేడమ్" అంది మునీశ్వరి. గుండె మీది బరువు దిగిన మాట నిజమే. తను గుర్తుకైనా రాలేదన్న బాధా నిజమే. పిల్ల మీద కోపం తెచ్చుకుందామనుకుంది, అదీ రాలేదు.

చీపురు తీసుకుని గది మూలమూలా ఊడ్చింది. పక్క వేసింది. హిరుత్‌ను లోపలికి పిలిచి "కమ్, సూడు" అని గీజరు చూపించింది. బెదురు తీరిన ఆ పిల్ల మెల్లగా నవ్వి, తన ఫోను చాపింది.

"ఆంటీ, యువర్ నంబర్?"

మునీశ్వరి దోమతెర ముడి బిగిస్తూ, తల తిప్పకుండానే అంది.

"ఆఫీసు నంబరు తీసుకోమ్మా. ఆడ ఎవురో ఒకరు ఎత్తుతారు."