ఆ కత్తికి వేసిన పదో మార్కు

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడటానికి పట్టింది మూడు మాటలు. మోసిన రోజులు రెండు వేల అయిదు వందలు దాటాయి. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

బందరులో వలలూ తాళ్ళూ అమ్మే కొట్లో పనిచేస్తాను. ఉక్కు గురించి నాకెవరూ నేర్పలేదు. పాత పుస్తకాలు, సన్నటి కొలతలు తీసే ఒక వెర్నియర్, ఒకదాన్ని మించి ఒకటి గట్టిగా ఉండే అయిదు ఆకురాళ్ళు, ఇవే నా చదువు. వేటకు వెళ్ళేవాళ్ళు కత్తి తెస్తే పది పరీక్షలు చేసి, ఒక్కోదానికి ఒక్కో మార్కు వేసి చీటీ రాసిచ్చేవాణ్ణి. నాగాయలంక దాకా ఆ చీటీకి విలువుండేది. పదికి పది ఎవరి కత్తికీ వేయలేదు. అదొక గర్వం.

సింహాద్రిది నాగాయలంక. చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు. ఒకరోజు ఆన్‌లైన్లో తెప్పించుకున్న మిలటరీ కత్తి పట్టుకొచ్చాడు. ఏడంగుళాల బ్లేడు, వీపున రంపపు పళ్ళు, పిడి చివర దిక్సూచి. వలతాడు కాలికి చుట్టుకుంటే కోసుకోవడానికి నడుముకు ఒకటి ఉండాలన్నాడు.

ఉక్కు మంచిదే. నాలుగు ఆకురాళ్ళు దానిమీద జారిపోయాయి, అయిదోది మాత్రం సన్నగా గీరింది. కావలసినంత గట్టిదనం, పెళుసు కాదు. నైలాన్ తాడును నలభైసార్లు కోశాక కూడా కాగితాన్ని చప్పుడు లేకుండా చీల్చింది. నిమ్మరసం రాసి గంటసేపు ఉంచినా మచ్చ పడలేదు. తొమ్మిది పరీక్షలు, తొమ్మిది మార్కులు.

పదోది పిడి. బ్లేడును బల్లమీది వైసు దవడల మధ్య బిగించి, పిడికి పది కిలోల బరువు వేలాడదీయాలి. అంతకుముందే కొలతలనుబట్టి బ్లేడు బరువు లెక్కగట్టి, మొత్తంలోంచి తీసేసి చూశాను. పిడికి మిగిలింది మరీ తక్కువ. అంటే అది బోలు గొట్టం, అగ్గిపుల్లలూ గాలమూ దాచుకోవడానికి. బ్లేడు ఇనుము అందులోకి అంగుళం కూడా దిగి ఉండదు. అక్కడే ఆగి ఉండవలసింది. లెక్క కాగితం మీద నా కళ్ళముందే ఉంది.

"బిగిస్తే గీతలు పడతాయి, వద్దులే బావా. పెళ్ళికూతుర్ని చూసినట్టు గంట నుంచీ చూస్తున్నావు, ఇంకా ఒప్పుకోవేంటి?" అన్నాడు సింహాద్రి. కొట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బరువు వేలాడదీయకుండానే పదికి పది వేశాను.

గీతలు పడతాయని కాదు. అంత మంచి ఉక్కుకు తొమ్మిది వేయడానికి నాకే మనసొప్పలేదు. జీవితంలో మొదటి పది వేసే సంతోషం కోసమేనా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగినా జవాబు అవుననే వస్తుంది.

నాలుగు నెలలకు, వల వదులుతుండగా తాడు అతని కాలికి చుట్టుకుంది. కత్తిని తాడు కింద దూర్చి పైకి ఎత్తాడట. పిడి చేతిలో ఉండిపోయింది, బ్లేడు పడవలో పడింది. తోటివాళ్ళు తాడు కోసేసరికి మడమ నుజ్జయింది. ఆసుపత్రిలో పాదం తీసేశారు.

అతని భార్య మంగా, ఆమె అత్తగారూ కలిసి రెండు ముక్కల్నీ చీరగుడ్డలో చుట్టి నా దగ్గరికి తెచ్చారు.

"ఎందుకు విరిగిందో మీరే చెప్పాలి అన్నయ్యగారూ," అంది మంగ.

"చెప్పేదేముంది? ఇది కడిగుండదు," అంది అత్తగారు. "వేట సామాను మంచినీళ్ళతో కడగడం ఆడవాళ్ళ పని కాదూ?"

"కడిగానత్తా! పంపు దగ్గర గంటసేపు నిలబడి తెచ్చిన బిందెలో నీళ్ళు పోసి మరీ కడిగాను. కొబ్బరినూనె కూడా రాశాను."

భూతద్దం పెట్టి చూశాను. ఉప్పుకు తుప్పు పట్టి విరిగితే విరిగినచోట గోధుమరంగు ఉండాలి. అక్కడ పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. పిడిలోకి దిగింది ముప్పావు అంగుళం ఇనుము, దానికి సన్నటి వెల్డింగు. ఎక్కడా మరక లేదు. ఆమె ఎంత శ్రద్ధగా కడిగిందో ఆ ఇనుమే చెబుతోంది. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. నా చీటీ కూడా ఆ గుడ్డలోనే ఉంది.

"ఉప్పు కంటికి కనపడదమ్మా," అన్నాను.

మంగ తన చేతుల కంటే నా మాటనే ఎక్కువ నమ్మింది.

ఆ ఇంట్లో అదే తీర్పయింది. సింహాద్రి ఆమె పెడితే తినడు, తల్లి పెడితేనే తింటాడు. ఆ అన్నం మాత్రం మంగ రొయ్యల చెరువుల దగ్గర కూలి చేసి తెచ్చినదే.

రెండేళ్ళ కిందట, చెప్పేయాలని బస్సెక్కి నాగాయలంక వెళ్ళాను. మంగ పెరట్లో కత్తిపీట కడుగుతోంది. కడిగిందాన్నే మళ్ళీ కడిగింది. నన్ను చూసి లేచి, దాన్ని ఎండలోకి వంచి పట్టుకుంది.

"చూడండన్నయ్యగారూ, ఉప్పు ఇంకా ఉందా?"

"లేదమ్మా," అన్నాను. టీ తాగాను. తిరుగు బస్సెక్కాను.

చెబితే ఏమయ్యేది? పాదం రాదు. ఇన్నేళ్ళూ ఆమె పడ్డ మాటలు వెనక్కి పోవు. ఇలా లెక్కవేసుకుని బస్సులో కూర్చున్నాను. అది లెక్క కాదు, భయం. సింహాద్రి కళ్ళు ఆమె మీంచి నా మీదికి తిరుగుతాయన్న భయం.

మంగ కడిగింది. ప్రతిసారీ కడిగింది. పిడి బోలని నాకు ముందే తెలుసు. ఈ మూడు వాక్యాలూ ఇన్నేళ్ళలో మొదటిసారి రాస్తున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించవలసినవాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకింకా తెలియదు. రాశాక గుండె కాస్త తేలికపడింది, నిజమే. నాగాయలంకలో ఆమె ఇవాళ కూడా అన్నం వండి అత్తగారి చేతికిచ్చి, అతను తినడానికి పక్కకి తప్పుకునే ఉంటుంది.