లేవి గీసిన సన్నగీత

ఒకప్పుడు బద్వేలులో ఏ అంగడి బోర్డు చూసినా లేవి చేతి రాతే. నిలువుగీత బొటనవేలంత లావు, దాన్నుంచి తిరిగే వంపు మాత్రం వెంట్రుకంత సన్నం. అట్లా రాయమని ఎవరూ నేర్పలేదు. చిన్నప్పుడు చర్చి బంగళాలో ఇంగ్లీషు పత్రిక అట్ట ఒకటి చూసి, ఆ సొగసు తెలుగుకు తేవాలని బండల మీద బొగ్గుతో గీసి గీసి సాధించినాడు.

ఫ్లెక్సీలొచ్చినాక బోర్డులు పోయినాయి. సమాధిరాళ్ల మీద పేర్లు రాసుకుంటూ కాలం ఈడుస్తున్నప్పుడు హైదరాబాదు నుంచి శివజ్యోతి వచ్చింది. కంప్యూటరుకు అక్షరాలు తయారుచేసే మనిషి. బంధువుల పెళ్లికొచ్చి, రామకోటయ్య బట్టలంగడి పాత బోర్డు చూసి, రాసిందెవరని అడుగుతూ ఇంటికే వచ్చేసింది.

"ఫ్యాషన్ పత్రికలకు, నగల కంపెనీలకు ఇట్లాంటి అక్షరాలే కావాలి లేవిగారూ. గుణింతాలు, వత్తులు అన్నీ గీసివ్వండి. ఫాంటుకు మీ పేరే పెడతాం."

"నా పేరా తల్లీ!" అన్నాడు లేవి. ఒక మాట మాత్రం చెప్పలేదు. అప్పటికే కుడిచెయ్యి వణుకుతోంది. నరాల జబ్బు, మందులతో నెమ్మదిస్తుందే గానీ పోదు అని కడప డాక్టరు చెప్పి ఆరునెలలైంది.

లావుగీత ఎట్లో పడేది. సన్నగీత దగ్గరికొచ్చేసరికి భార్య కృపమణి అతని మోచేతిని రెండు చేతులా పలకకు అదిమి పట్టేది. ఇద్దరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. మొదట్లో రోజుకు రెండక్షరాలు. తర్వాత రెండ్రోజులకు ఒకటి. 'ష' కోసం నలభై కాగితాలు చించినాడు. చివరికి వణికినవి వణికినట్టే పంపించినాడు.

శివజ్యోతి ఫోన్ చేసింది. "పర్వాలేదండీ, కంప్యూటర్లో సరిచేసుకుంటాం."

"సరిచేస్తే అది నా గీత యాడయితాదమ్మా?"



ఉగాది దాటినాక అక్షరాలన్నీ అచ్చేసిన కాగితం వచ్చింది. కిందనే 'లేవి' అని ఫాంటు పేరు. సన్నగీతలు మాత్రం ఒక్కటీ లేవు. ఫోన్లో కనపడటం లేదని, ఫాంటు కొన్న నగల కంపెనీ అన్నిటినీ లావు చేయించిందనీ, ఎంత చెప్పినా వినలేదనీ శివజ్యోతి జాబు రాసింది.

కృపమణి కాగితం అతని ముందు పెట్టింది. "బాగుండాయి కదా. నీ పేరు కూడా ఉండాది."

లేవి చాలాసేపు చూసినాడు. "బాగుండాయి. ఎవురో శానా బాగ గీసినారు."

వారం తర్వాత సమాధిరాళ్లంగడి ఏసురాజు చనిపోయిన ఎవరో అవ్వ పేరు రాయమని బండ తెచ్చినాడు. "ఇంక నన్ను అడగొద్దప్పా" అన్నాడు లేవి. ఏసురాజు బండను మళ్లీ ఆటోకెత్తినాడు.

ఏడాది తిరక్కముందే మాట కూడా తడబడింది. ఇప్పుడు పొద్దున్నే కృపమణి చొక్కా గుండీలు పెట్టి అతన్ని వాకిట్లో కుర్చీలో కూర్చోబెడుతుంది. ఎదురుగా రోడ్డు, రెండుపక్కలా అంగళ్లు. లేవి తలెత్తడు. ఒళ్లో పెట్టుకున్న చేతుల్నే చూస్తా ఉంటాడు.