నాలుగంగుళాల ఎత్తు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ బలం నాకు కాస్త ఎక్కువే. చాట్రాయి వైపు తోటల నుంచి మామిడికాయలు తోలే చిన్న ట్రక్కు నాది. వాగు దాటే చోట రాయి తగిలి రెండుసార్లు ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ పగిలింది. మళ్లీ పగిలితే ఆ తోటల కిరాయి ట్రాక్టరు వాళ్లకిస్తానన్నాడు కాయలు కొనే షావుకారు. నాకు ఒళ్లు మండింది.

నూజివీడు మెకానిక్ బండి బరువు మోసే కమాన్ కట్టలకు పట్టీలు వేసి, బండిని రెండంగుళాలు లేపుదామన్నాడు.

"నాలుగు లేపు," అన్నాను.

"లోడు మీద మనుషులు కూర్చుంటారు కదండీ. బండి ఊగుద్ది."

కోత అయ్యాక కూలి ఆడవాళ్లు కాయల ట్రేల మీదే కూర్చుని ఇళ్లకొస్తారు. వాళ్లలో మా ఆవిడ కూడా ఉంటుంది.

"ఊగితే పట్టుకుంటార్లే," అన్నాను.

మొదటి ట్రిప్పులో వాగు రాయి తగల్లేదు. మీసం మెలేశాను. అవతలి గట్టు ఎక్కుతుంటే ఎడమ చక్రాలు మెత్తటి మట్టిలో దిగబడి, బండి అటు వాలిపోయింది. కుడి వెనక చక్రం నేల వదిలేయడం అద్దంలో కనబడింది. పైనున్న ఆడవాళ్లు కుడి అంచుకు జరిగారు.

"కుడివైపు నుంచి దిగండి," అని అరిచాను.

ముగ్గురు దిగారు. ఒక్కొక్కరు దిగినప్పుడల్లా బండి ఇంకాస్త వాలింది. కుడి అంచున వాళ్ల బరువే బండిని ఆపుతోందని అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. పైన మిగిలింది మా ఆవిడ ఒక్కతే.

"నేను దిగనండి," అంది. "దిగితే బండి పడుద్ది. లోపల మీరున్నారు. కదలకండి."

కింద ఉన్నవాళ్లు బండి చువ్వకు మోకు కట్టి, కుడివైపున్న మామిడి మానుకు చుట్టి బిగించారు. అంతసేపూ ఆవిడ ఆ అంచునే కూర్చుంది. ఆ తర్వాతే దిగింది. నేనూ దిగాను. తప్పంతా మెత్తటి మట్టిదేనని బుకాయించాను. తప్పు నాదే.

మర్నాడు బండిని రెండంగుళాలకు దింపించి, చాంబర్ కింద మందపాటి ఇనుప రేకు వేయించాను. షావుకారు తోటల కిరాయి నా దగ్గరే ఉంది. ఇప్పుడు వాగు రాగానే బండి ఆపుతాను, ఆడవాళ్లు దిగి నడుస్తారు. మా ఆవిడ మాత్రం కుడి అంచుకు జరిగి కూర్చుంటుంది.

"నువ్వు కూడా దిగవే," అంటాను.

"మీరు దిగితే దిగుతా," అంటుంది.