ఓమా ఇంట్లో ఫోను మార్చిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఉండేది కాదు. మొదటి ఉద్యోగంలో చేరిన ఇంజనీరుకు పట్టే జ్వరం అది. జీతం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. నాకది జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పట్టుకుంది. ఊరి చివర, ట్రాములో నేనూ డ్రైవరూ మాత్రమే మిగిలే చోట, ఒక పెద్దావిడ ఇంటి మేడమీద అద్దెకుండేదాన్ని. వీధి వీధంతా ఆవిడను ఓమా అనే పిలిచేది. జర్మన్‌లో ఓమా అంటే నానమ్మా అదే, అమ్మమ్మా అదే (మనకున్నన్ని వరసలు పాపం వాళ్ళకు లేవు). ఆవిడకు భర్త పోయాడు, పిల్లలు లేరు, మోకాళ్ళు మాట వినవు. అయినా చలికాలంలో ఇంటిముందు మంచు ఆవిడ ఊడ్చిన చప్పుడుకే మిగతా వీధి నిద్ర లేచేది.

ఓమా ఇంటి నడవాలో ఒక చిన్న బల్ల, దాని పక్కన మెత్తటి కుర్చీ, బల్లమీద ఆకుపచ్చ రంగు ఫోను. నంబర్ల చక్రంలో వేలుపెట్టి తిప్పే పాతకాలపు ఫోను. దానికి బంగారు అంచు కుట్టిన ముఖమల్ తొడుగు కూడా ఉండేది (మా ఇంట్లో పెళ్ళికూతుళ్ళకు కూడా అంత మంచి బట్ట తియ్యలేదు). ఆదివారం మధ్యాహ్నం కాఫీ వేళకు ష్వైన్‌ఫర్ట్ నుంచి ఓమా చెల్లెలు ఫోన్ చేసేది. జర్మనీలో ఆదివారమంటే తెలుసుగా, దుకాణాలు మూత, గోడకు మేకు కొట్టినా పక్కింటివాళ్ళు గుర్రుగా చూస్తారు. ఊరంతా ఊపిరి బిగబట్టుకున్నట్టుండే ఆ పూట, కింది నుంచి ఓమా పగలబడి నవ్వే నవ్వు ఒక్కటే నాకు మనుషుల అలికిడి. మెట్లమీద కూర్చుని ఆ కబుర్లు వింటూనే నేను జర్మన్ నేర్చుకున్నాను. అందుకే నా జర్మన్‌లో కీళ్ళ నొప్పుల పదాలు ఎక్కువ, ఆఫీసుకు పనికొచ్చేవి తక్కువ.

అటువంటి అక్కచెల్లెళ్ళకు ఒక ఆదివారం చెడింది. వాళ్ళమ్మ చేసే రేగుపళ్ళంత నల్లపండ్ల కేకుకు పిండిలో ఈస్టు కలిపేదా, వెన్న దట్టించి ముద్ద చేసేదా అన్న దగ్గర మాటామాటా పెరిగింది. ఓమా ఈస్టు అంది. చెల్లెలు వెన్న అంది. "నీకు మతిమరుపు మొదలైంది" అని ఇటునుంచి, "నీకు ఎప్పుడూ ఉన్నదే" అని అటునుంచి, ఆపైన టప్పున రిసీవర్ పెట్టిన చప్పుడు. తరవాతి ఆదివారం ఫోను మోగలేదు. "చేస్తుంది, చెయ్యక ఎక్కడికి పోతుంది" అంది ఓమా. ముఖమల్ తొడుగు మాత్రం తీసి పక్కన పెట్టింది, మోగితే వినపడదేమోనని.

సరిగ్గా ఆ వారంలోనే ఫోను కంపెనీవాళ్ళు పాత లైను తీసేసి అందరినీ ఇంటర్నెట్ ఫోనుకు మార్చేస్తున్నామని కబురు పెట్టి, ఒక తెల్లటి పెట్టె పంపారు. ఓమా దాన్ని విప్పనైనా విప్పకుండా బంగాళాదుంపల బుట్ట పక్కన పడేసింది. "నా ఫోను పనిచేస్తోంది. పనిచేసేదాన్ని ఎవరైనా మారుస్తారా?" అంది. అప్పుడు నేను, నెట్‌వర్క్ పరికరాలకు సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగినిని, మెట్ల మీద నిలబడి, "ఓమా, నేనున్నాగా! పది నిమిషాల పని" అన్నాను.

ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు. అయినా అనేశాను, అన్నాక దిగక తప్పలేదు. శనివారం పొద్దున మొదలుపెట్టాను. మొదటి అడ్డంకి కరెంటు. పాత ఫోనుకు కరెంటు తీగ అక్కర్లేదు; ఈ పెట్టెకు కావాలి. నడవాలో ప్లగ్గు లేదు. వంటింట్లోంచి పొడుగు వైరు లాగి, తలుపు కింద నుంచి పోనిచ్చి, తివాచీ ఎత్తి దానికింద దాచాను. ఓమా కర్ర ఆనించుకుని చూస్తోంది.

"ఫోనుకి కరెంటు ఎందుకు?"

"కొత్తది కదా, అది అంతే."

"కరెంటు పోతే?"

"ఫోను కూడా పోతుంది."

"అంటే ఇంట్లో చీకటైనప్పుడు, సాయానికి ఎవరినైనా పిలవాల్సినప్పుడు, పనిచెయ్యదన్నమాట." ఓమా ఒక నిమిషం ఆలోచించింది. "బాగుంది. చాలా అభివృద్ధి."

పెట్టెమీద దీపం పచ్చగా వెలగాలి. అది ఎర్రగా మిటకరించింది. తీగ తీసి పెట్టాను. పెట్టి తీశాను. టార్చి నోట కరుచుకుని బల్లకింద బోర్లా పడుకుని ఓరుగల్లు భాషలో దాన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాను. అర్థం కాకపోయినా ఓమా "యా, యా" అని వత్తాసు పలికింది. చివరికి కంపెనీ హాట్‌లైనుకు ఫోన్ చేస్తే, ఒక మర గొంతు కస్టమర్ నంబరు చెప్పమంది. జర్మన్లు ఇరవైనాలుగును 'నాలుగూ ఇరవై' అంటారు. కంగారులో నేను కొన్ని మనలాగా, కొన్ని వాళ్ళలాగా చెప్పాను. "మీ మాట నాకు అర్థం కాలేదు" అని ఆ మర ఎంత మర్యాదగా అన్నదో, మా మేనేజరు కూడా అంత మర్యాదగా ఎప్పుడూ అనలేదు. ఆఖరికి ఒక మనిషి దొరికాడు. ఫిర్యాదు రాసుకుని, "పరిశీలించి మీ ఇంటి ల్యాండ్‌లైనుకే ఫోన్ చేస్తాం" అన్నాడు. ఏ ఫోను పనిచెయ్యడం లేదని చేశానో దానికే! మెకానిక్‌ను పంపమంటే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, వచ్చే నెలలో గానీ లేదన్నాడు.

"వచ్చే నెలా?" అంది ఓమా. కుర్చీలో కూర్చుని మూగపోయిన ఫోను వంక చూసింది. రేపే ఆదివారం. చెల్లెలు కోపం దిగి ఫోన్ చేస్తే? ఇక్కడ మోగకపోతే, అక్క పంతం పట్టి తియ్యలేదనుకోదూ? అప్పటిదాకా నాది పరువు కోసం పట్టుదల. ఆవిడ ముఖం చూశాక మాత్రం, ఆ పెట్టె నెగ్గుతుందో నేను నెగ్గుతానో తేల్చుకోవాలనిపించింది. గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్ళీ ప్రతి తీగా విప్పాను. చూస్తే తప్పు నాదే: పెట్టె తీగను ఫోను పెట్టాల్సిన కంతలో పెట్టి, ఫోను తీగను పెట్టె కంతలో పెట్టాను (నెట్‌వర్క్ పరికరాల నిపుణురాలిని, గుర్తుంది కదా). అటుదిటు మార్చగానే దీపం పచ్చబడింది. నా సెల్లు నుంచి చేస్తే ఆకుపచ్చ ఫోను గణగణా మోగింది. ఓమా నా రెండు బుగ్గలూ పుణికింది.

ఆదివారం కాఫీ వేళ వచ్చింది, పోయింది. ఫోను మోగలేదు. ఓమా కప్పులో కాఫీ మీగడ కట్టింది. ఉండబట్టలేక వంటింట్లోకి పోయి, గోడకు అంటించిన చీటీలోంచి చెల్లెలి నంబరు చూసి సెల్లులో కొట్టాను. 'ఈ నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు' అంది. నాకు అనుమానం తగిలింది. "ఓమా, మీ చెల్లెలికి కూడా ఇలాంటి పెట్టె వచ్చిందా?"

"నాకేం తెలుసు? మాకు మాటల్లేవు కదా!"

ష్వైన్‌ఫర్ట్‌లో నా స్నేహితురాలు ఒకతి మాస్టర్స్ చదువుతుండేది. రాజమండ్రి పిల్ల. గొంతు పెద్దది కాబట్టి కాలేజీలో అందరం మైకు అనేవాళ్ళం. "ఏందే, ఖాళీగున్నవా? ఒక ముసలమ్మ ఇంటికి పోయి రావాలె" అన్నాను. "ఎవరింటికే బాబూ? ఆదివారం పూట తలుపెవరు తీస్తారే?" అంటూనే సైకిలు తీసింది. చెల్లెలి ఇంటి గుర్తులు ఓమాయే చెప్పి, "నేను పంపినట్టు మాత్రం చెప్పకూడదు" అని షరతు పెట్టింది. ఆ తలుపు దగ్గర జరిగింది మైకు సెల్లులోంచి మాకు స్పష్టంగా వినపడింది.

"నేనేమీ కొనను" అందా గొంతు.

"అమ్మడానికి రాలేదండీ. మీ అక్కగారింట్లో ఉండే అమ్మాయి నా స్నేహితురాలు."

"అక్క పంపిందా?"

"లేదండీ."

"పంపలేదా? అయితే వెళ్ళు!"

తలుపు మూసుకోబోతుండగా మైకు ఒక్క అరుపు అరిచింది: "పంపిందండీ! చెప్పొద్దంది!" తలుపు ఆగింది. ఇటు ఓమా చేత్తో మొహం కప్పుకుంది గానీ, వేళ్ళ సందున నవ్వుతోంది.

లోపల మైకు చూసిందేమిటంటే, చెల్లెలుగారు తెల్ల పెట్టెను అట్టతో సహా పూలకుండీ కింద ఎత్తుగా వేసుకుంది. లైను ఈలోపే పోయింది. అక్క అలిగి చెయ్యడం లేదని ఆవిడా, చెల్లెలు అలిగి చెయ్యడం లేదని ఈవిడా, ఇద్దరూ చచ్చిన తీగకు చెరోవైపు కూర్చుని ఉన్నారు. ఇక నేను ఇటునుంచి చెబుతుంటే మైకు అటు బిగించింది. "ఏ కంతే?" "గోడకున్నది! అయ్యో, అది కాదే, నేను చేసిన తప్పే చేస్తున్నవ్!" అరగంటలో అక్కడా దీపం పచ్చబడింది, చేసి చూస్తే ఫోనూ మోగింది.

"ఇప్పుడు మీరు చెయ్యండి" అన్నాను ఓమాతో. "ముందు చెల్లెలే చెయ్యాలి" అంది. అవతల మైకు ఎలా బతిమాలిందో గానీ, చెల్లెలు రిసీవర్ ఎత్తి చక్రం తిప్పింది. ఇక్కడ మోగలేదు. మళ్ళీ తిప్పింది. ఉహూ. "ఆవిడ చేస్తోంది, కలవట్లేదే!" అని మైకు అరిచింది. ఆ మాట వినగానే ఓమా పంతం ఏమైపోయిందో, గబగబా తానూ తిప్పింది. రిసీవర్‌లో వట్టి గుయ్యిమనే మోత. అప్పుడు వెలిగింది నాకు: పాత చక్రం టకటకల లెక్కతో నంబరు చెబుతుంది, ఈ పెట్టెలకు మీటల ఫోను చేసే కూతలే తెలుసు. చేస్తే మోగే ఫోన్లు, తమంతట తాము చెయ్యలేని ఫోన్లు. ఇద్దరికిద్దరూ!

"నా సెల్లులో మాట్లాడండి ఓమా, ఇప్పుడే" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఊరివాళ్ళ ఫోనులో రాజీపడతారా ఎవరైనా? నా ఇంటినుంచి, నా నంబరు నుంచి చేస్తాను. రేపు షాపు ఎప్పుడు తీస్తారు?"

సోమవారం నేను ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పాను. ఓమా టోపీ పెట్టుకుని, ఆ మోకాళ్ళతోనే ట్రామెక్కింది. దుకాణంలో ఉన్న మీటల ఫోన్లన్నీ నొక్కి, అన్నిటికన్నా పెద్ద అంకెలున్నదాన్ని ఎంచుకుంది. పెట్టెకు రెండు ఫోన్ల కంతలున్నాయి కాబట్టి, పిలుపు వచ్చినప్పుడు మోగడానికి పాతది, మనం చెయ్యడానికి కొత్తది అని ఇంటికొచ్చి నేను పంపకం చేశాను. ఓమా కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒక్కొక్క అంకే పైకి చదువుతూ నొక్కింది.

"నేను" అంది.

"ఎవరు?" అంది చెల్లెలు. గొంతు ఎంత శుభ్రంగా వచ్చిందంటే గోడ పక్కన నిలబడ్డ నాకూ వినపడింది. "మా అక్క కాదు. మా అక్క ఫోనులో గరగర ఉంటుంది. నువ్వు మరీ దగ్గరగా ఉన్నావు. మోసగాళ్ళ గురించి టీవీలో చెప్పారు నాకు." టప్పున పెట్టేసింది.

ఓమా పళ్ళు బిగించి మళ్ళీ నొక్కింది. అవతల ఎత్తగానే ఊపిరి పీల్చుకోకుండా అరిచింది: "అమ్మ పిండిలో ఈస్టే కలిపేది!"

"వెన్న!" అని అంతకన్నా గట్టిగా చెల్లెలు. ఆ తరవాత ఇద్దరూ ఏడ్చారో నవ్వారో నాకు తెలియలేదు, రెండూ ఒకేలా వినపడ్డాయి. నేను మెట్లెక్కి పోయి ఆఫీసు సంచీ తీసుకున్నాను. తిరిగి దిగేసరికి కబుర్లు మోకాళ్ళ నొప్పుల దాకా వచ్చాయి.

ఇదంతా జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు కొలోన్‌లో ఉంటున్నాం. ఇంట్లో ఇంటర్నెట్ పోతే మా అమ్మాయి "మమ్మా, కపుట్!" (పాడైపోయిందని) అని ఒక కేక పెడుతుంది, నేను సెల్లులో ఫిర్యాదు పెట్టి, టెర్మిన్ ఎప్పుడిస్తే అప్పుడేనని టీ పెట్టుకుంటాను. తెలివి పెరిగిందంటే అదే కాబోలు. కానీ అప్పుడప్పుడు ఆ పిల్ల గుర్తొస్తుంది: ఎవరూ అడగని పని నెత్తినేసుకుని, వచ్చీరాని భాషతో, టార్చి కరుచుకుని పరాయి ఇంటి నడవాలో బోర్లా పడుకున్న పిల్ల. దానికి ఏ తీగ ఎక్కడ పెట్టాలో తెలియదు, మధ్యలో వదిలేసి పోవడం కూడా తెలియదు. ఎక్కడైనా ఎదురైతే, ముందు కంతలు సరిగ్గా చూసుకోమని చెబుతాను. వదిలేసి పోవడం మాత్రం నేర్పను.