దిద్దని నూరు పేరాలు

మా ఇంగ్లీషు సారు పోయారని తెలిసేసరికి నేను జగిత్యాలలో మా కాలేజీలో పరీక్ష డ్యూటీ ముగించి జవాబు పత్రాలు కట్ట కడుతున్నాను. ఫోన్ చేతికి తీసుకుంటే పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు నిండా అదే కబురు. "సారు పొద్దున సిరిసిల్లల కాలం చేసిండ్రు. నిద్రలనే పోయిండ్రట."

నిజం చెప్తాను. నాకు ముందు ఏడుపు రాలేదు. ముందు బీరువా గుర్తొచ్చింది. మా కెమిస్ట్రీ డిపార్ట్‌మెంటు బీరువాలో, పాత రికార్డు పుస్తకాల వెనక, సారు స్వయంగా తెచ్చి నా చేతికిచ్చిన నోటుపుస్తకం రెండేళ్లుగా పడి ఉంది. దాన్ని చదివి, సైన్సు తప్పులుంటే దిద్దమన్నారు. ఆయన నన్ను జీవితంలో అడిగిన పని అదొక్కటే. నేను దిద్దలేదు. దిద్దడం దాకా ఎందుకు, తెరవనైనా లేదు.

కాబట్టి ఈ నాలుగు మాటలూ ఆయన గొప్పతనం చెప్పడానికి రాస్తున్నానని అనుకోకండి. ఆయన మంచితనం చెప్పకుండా ఉండలేను కానీ, నా చేత ఇది రాయిస్తున్నది నా తప్పే.

మాది మల్లాపూర్ దగ్గర ఒక ఊరు. నాన్న దుబాయిలో ఉండేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. డిగ్రీ దాకా నేను తెలుగు మీడియమే. ఎమ్మెస్సీలో చేరి పుస్తకం తెరిస్తే అక్షరాలన్నీ తెలిసినవే, వాక్యం మాత్రం ఒక్కటీ అర్థం కాదు. మొదటి ఇంటర్నల్‌లో ప్రశ్న ఏమడుగుతుందో తెలియక, నాకు వచ్చిన జవాబు ఏదో రాసి వచ్చాను. చదువు మానేసి ఇంటికి పోదామని బట్టలు సర్దుకుంటుంటే కోరుట్ల నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్ అంది, "మా గల్లీల ఒక సారున్నడు. జూనియర్ కాలేజీల ఇంగ్లీషు చెప్తడు. ఐతారం పొద్దుగాల మన సైన్సోళ్లకే చెప్తడు. ఒక్కసారి వచ్చి సూడరాదు."

కోరుట్లలో అద్దె ఇంటి మేడ మీద గది. చాప మీద తొమ్మిది పది మందిమి. నేను కొత్తగా కొనుక్కున్న గ్రామర్ పుస్తకం బయటికి తీస్తే సారు దాన్ని తీసుకుని కిటికీలో పెట్టారు. "గిది ఇంటికాడ సదువుకో బిడ్డా. నీ కెమిస్ట్రీ పుస్తకం తే," అన్నారు. తెచ్చాను. "ఒక పేరా బయటికి సదువు. సమజ్ కాకున్నా ఆగకు." తప్పులు పోతూనే చదివాను. ఎవ్వరూ నవ్వలేదు. తర్వాత నా చేతిలో పెన్సిల్ పెట్టి, "ఇగ సూడు, పని ఎవలు చేస్తున్నరు? ఏం పని చేస్తున్నరు? గీ రెండు పట్టుకో. తతిమ్మావి ఎటు పోవు," అన్నారు. నాలుగు లైన్ల వాక్యంలో ఆ రెండు ముక్కల కింద గీత గీశాక, చిక్కుపడ్డ నూలులో కొస దొరికినట్టయింది. ఆయనది సిరిసిల్ల నేత కుటుంబం, చిక్కు తీయడం ఇంట్లోనే నేర్చుకుని ఉంటారు.

"నాకు కెమిస్ట్రీ రాదు. నీకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం కూడితె ఒక మనిషి తయారైతడు," అనేవారు. అది ఉత్త మాట కాదు. మేము చెప్పే సైన్సును ఆయన నిజంగానే నోరు తెరుచుకుని వినేవారు. "సమజైంది సార్" అంటే మాత్రం నమ్మేవారు కాదు. "సమజైందని నాకెందుకు చెప్తవు? ఏం సమజైందో చెప్పు."

ఆయన ఇచ్చే హోంవర్క్ గురించి చెప్పాలి. చదివిన పేరాను ఇంటికి పోయి, బీడీలు చుట్టే అమ్మ పక్కన కూర్చుని, మన తెలుగులో చెప్పాలి. అమ్మ ఊఁ కొడితే లెక్కలోకి రాదు. ఆమె తిరిగి ఒక ప్రశ్న అడగాలి. అడిగితేనే మనకు చదవడం వచ్చినట్టు. నేను నీళ్లలో కరిగే లవణాల పేరా చదివి చెప్పిన రోజున మా అమ్మ చేతిలో తునికాకు పక్కన పెట్టి, "గట్లయితే మన బోరు నీళ్లకు బకీట్ల తెల్లగ ఎందుకు పట్కుంటదే?" అంది. నాకు జవాబు తెలియదు. తెలియకపోతేనేం, ఆ వారం రోజులూ నేను నేల మీద నడవలేదు. ఆదివారం ఆ ప్రశ్న చెబితే సారు చప్పట్లు కొట్టారు. "మీ అమ్మను తోల్కరా, ఈడ కూసోబెడదం!"

ఆ రోజుల్లోనే సారు కష్టమైన పేరాలను విడగొట్టి, చిన్న చిన్న వాక్యాలుగా తిరగరాసి మాకు ఇవ్వడం మొదలుపెట్టారు. అందులో ఒకటి ఆమ్లాన్ని పలచన చేసే పద్ధతి. నీళ్లలోకి ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. కెమిస్ట్రీ చదివిన వాళ్లకు ఇది మొదటి పాఠం. వాక్యం విడగొట్టేటప్పుడు సారు పొరపాటున దాన్ని తారుమారు చేశారు. పేరా చదివినప్పుడే నాకు తేడా కనిపించింది. సారు రాసింది తప్పు అనడానికి నేనెంత దాన్ని అనుకుని ఊరుకున్నాను. మాతోపాటే సారు దగ్గరికి వచ్చే రుద్రంగి అమ్మాయి, బాటనీ చదివేది, ఆ పేరాను బట్టీ పట్టి ల్యాబ్‌లో అట్లాగే చేసింది. ఆమ్లం చిమ్మి ముంజేయి కాలింది. ఆ దేవుడి దయ, కళ్లలో పడలేదు.

సారు ఆ రోజే బస్సెక్కి రుద్రంగి వెళ్లి, ఆ అమ్మాయి తల్లిదండ్రుల ముందు చేతులు జోడించారట. తిరిగి వచ్చి నన్ను ఒక్కటే అడిగారు. "నీకు కనవడ్డదా?"

"కనవడ్డది సార్."

"మరెందుకు చెప్పలే?"

"మీరు సారు గదా సార్."

"ఇంగ్లీషు తప్పయితె నేను పట్టుకుంట. సైన్సు తప్పు నాకు కనవడది బిడ్డా. ఇగ మీద సైన్సు తెలిసినోళ్ల కన్ను పడంది నా చేతికెల్లి ఒక్క కాయిదం బయటికి పోదు," అన్నారు. ఆ మాట మీద ఆయన చివరిదాకా ఉన్నారు. ఆ మాట ఇచ్చింది ఎవరి ముందో మీరు గుర్తు పెట్టుకోండి.

నాకు ఉద్యోగం వచ్చింది. సారు రిటైరై సిరిసిల్ల చేరారు. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా స్టాఫ్‌రూంకు వచ్చారు. వేములవాడ భక్తులతో బస్సు కిక్కిరిసి, దారంతా నిలబడే వచ్చారట. సంచిలోంచి అట్ట వేసిన లావు నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టారు. "నూరు పేరాలు. అల్కగుండేటివి ముందు, కట్టినమైనవి ఎనుక. ఇప్పుడు డిగ్రీ అంత ఇంగ్లీషు మీడియమేనట గదా, పోరగాండ్లు ఏం గోస పడుతున్నరో! నువ్వు ఒక్కసారి సూస్తె జిరాక్స్ తీపిచ్చి అందరికి ఇద్దం. నిమ్మలంగ సూడు, తొందరేం లేదు."

ఆయన గడప దాటారో లేదో పక్క టేబుల్ మేడం నోటుపుస్తకం తిరగేసి నవ్వింది. "ఏంది మేడం, చిన్నపిల్లల పాఠాలా? ఎవలు గాయన?"

నేనేమన్నానో రాయడానికి చేయి రావడం లేదు. "ఎవరో తెలిసినాయన. ఊకె సూడుమని ఇచ్చిండు," అన్నాను. ఎవరో తెలిసినాయన! నేను కాన్వెంటులో చదివానని మా డిపార్ట్‌మెంటులో అనుకుంటారు. నేను చెప్పలేదు, కాదనీ అనలేదు. ఎమ్మెస్సీ చదువుతూ చాప మీద కూర్చుని వాక్యం చదవడం నేర్చుకున్నానని తెలిస్తే ఏమనుకుంటారోనని భయం. ఆ సాయంత్రమే నోటుపుస్తకం బీరువాలోకి పోయింది.

సారు నెలకోసారి ఫోన్ చేసేవారు. "సూసినవా బిడ్డా?" అంటే "సగమైంది సార్" అనేదాన్ని. మరో నెలకు "ఇంకొంచెమే ఉంది సార్." ఒక్క పేజీ తిప్పకుండానే. ఏడాది గడిచాక ఆయన అడగడం మానేశారు. పండగలకు ఫోన్ చేసి, మా పిల్లల సంగతి, అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి అడిగి పెట్టేసేవారు. వయసు మీద పడింది, మరిచిపోయారనుకున్నాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, హాయిగా అనిపించింది.

ఈలోగా నా క్లాసులో ఏం జరుగుతున్నదో నాకు తెలియదా? మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతి ప్రశ్న అర్థం కాక, అడగనిదానికి మూడు పేజీలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. సున్నా వేశాను. పిలిచి "ప్రశ్న చదువుకోవా?" అని గదిమాను కూడా. "సదివిన మేడం, తెల్వలే," అంది. ఆ పిల్ల నిలబడిన చోటికి మూడు అడుగుల దూరంలోనే బీరువా.

సారు అంత్యక్రియలకు నేను వెళ్లలేదు. పరీక్ష డ్యూటీ ఉందని గ్రూపులో పెట్టాను. డ్యూటీ ఉన్నమాట నిజమే, అడిగితే సెలవిచ్చేవారన్నదీ నిజమే. ఆ సాయంత్రం నోటుపుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఇట్లా ఉంది: "ఇందులో సైన్సు తప్పులు దిద్దినది నా విద్యార్థిని, కెమిస్ట్రీ లెక్చరరు. ఆమెకు నా కృతజ్ఞతలు." నాకు ఇవ్వకముందే రాసి పెట్టుకున్నారు. ప్రతి పేరా పక్కన నేను టిక్కు పెట్టడానికి స్కేలుతో చిన్న గడి గీశారు. అప్పుడు ఏడ్చాను.

నాలుగు సాయంత్రాలు పట్టింది, అంతే. నూరు పేరాల్లో దొరికిన తప్పులు రెండు.

దినాల నాడు సిరిసిల్ల వెళ్లాను. సారు ఇంటి వాకిట్లో అమ్మ, అంటే సారు భార్య, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఆడవాళ్లు విస్తర్లు తుడుస్తున్నారు. దిద్దిన నోటుపుస్తకం ఆమె ఒళ్లో పెడితే చాలు, ఎప్పుడు దిద్దానని ఎవరూ అడగరు. బస్సులో దారంతా అదే అనుకుంటూ వచ్చాను. పుస్తకం ఒళ్లో పెట్టి, "సూడుడు అయిపోయిందమ్మా," అన్నాను కూడా. ఆమె అట్టను చేత్తో నిమిరింది, కొంగుతో తుడిచింది. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"అమ్మా, సారు ఉన్నప్పుడు నేను దీన్ని తెరవనే లేదు. సూస్తున్న, సూస్తున్న అని అన్ని అబద్ధాలే చెప్పిన," అన్నాను.

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "సారుకు ఎరుకే బిడ్డా," అంది. "ఒక్కసారి ఫోన్ చేసి అడుగరాదుండ్రి అని నేనే పోరు పెట్టిన. వద్దన్నడు. అడిగితె పిల్ల మల్ల అబద్ధం ఆడాలె, పాపం దానితోని ఎందుకు ఆడిపియ్యాలె అన్నడు. అందుకే అడుగుడు బందు పెట్టిండు."

అప్పుడే ఎదురింట్లో మరమగ్గాలు మొదలయ్యాయి. వాకిలంతా ఆ చప్పుడే. నేను మాట్లాడకపోయేసరికి వినబడలేదనుకుని ఆమె గొంతు పెంచింది. "నీతోని అబద్ధం ఆడిపియ్యద్దనే అడుగలేదట బిడ్డా!" విస్తర్లు తుడిచే ఆడవాళ్లు చేతులు ఆపి నా వైపు చూశారు.

నాకు మొదటిసారే వినబడింది. ఆ మాట చెప్పకుండా నోటుపుస్తకం అట్టనే చూస్తూ కూర్చున్నాను. పాపం ఆమె, మూడోసారి చెప్పడానికి నా భుజం పట్టుకుని చెవి దగ్గరికి వంగింది.